వృథా వేడితో చల్లదనం సరే, సీఎండీ సంగతేమిటి?

పాశమైలారం, పరవాడల్లోని మందుల కర్మాగారాలకు కరెంటు బిల్లులో పెద్ద పద్దుల్లో చిల్లర్లు, అంటే నీళ్లను చల్లబరిచే యంత్రాలు, ఒకటి. బయటికి పోయే వేడితోనే నీళ్లను చల్లబరిచే అబ్సార్ప్షన్ చిల్లర్లు, వాడుకలో వామ్‌లు, పెడితే డిమాండ్, అంటే ఒకేసారి లాగే గరిష్ఠ కరెంటు, తగ్గుతుందని అమ్మేవాళ్లు చెబుతారు. తగ్గుతుంది కూడా. కాకపోతే ఆర్డరుకు ముందు వేడి లెక్కా, సీఎండీ (డిస్కంతో ఒప్పందం చేసుకున్న గరిష్ఠ డిమాండ్) లెక్కా తేలాలి.

300 టన్నుల (చల్లబరిచే సామర్థ్యానికి కొలత) స్క్రూ చిల్లర్, అంటే కరెంటుతో నడిచే మామూలు రకం, సుమారు 210 కిలోవాట్లు లాగుతుంది. అంతే సామర్థ్యమున్న సింగిల్ ఎఫెక్ట్ (వేడిని ఒక్కసారే వాడుకునే) వామ్‌లో కరెంటు ప్రధానంగా పంపులకే. బదులుగా 90 డిగ్రీల వేడినీళ్ల రూపంలో దాదాపు 1,500 కిలోవాట్ల వేడి అడుగుతుంది. గంటకు పది టన్నుల ఆవిరినిచ్చే బొగ్గు బాయిలర్ పొగను 200 డిగ్రీల నుంచి 140కి దించితే దక్కేది 40-60 టన్నుల చల్లదనమే. మరీ దించితే ఇంధనంలోని గంధకం ఆమ్లమై గొట్టాలను తినేస్తుంది. చాలని వేడికోసం అదనంగా బొగ్గు వేస్తే కరెంటు బిల్లు బొగ్గు బిల్లుగా మారుతుంది, అంతే. ఇక మైనస్ డిగ్రీల బ్రైన్‌కు (గడ్డకట్టని ఉప్పునీటి లాంటి ద్రవానికి) లిథియం బ్రోమైడ్ వామ్ పనికిరాదు. దానిలో చల్లదనాన్నిచ్చే ద్రవం (రిఫ్రిజరెంట్) మామూలు నీళ్లే, సున్నా దగ్గరే గడ్డకడతాయి మరి.

కూలింగ్ టవర్‌పై భారం రెట్టింపవుతుంది. పై ఉదాహరణలో గంటకు సుమారు 2,000 లీటర్లు అదనంగా ఆవిరవుతాయి. బోరు నీళ్లను మెత్తబరచకుండా పోస్తే ట్యూబుల్లో సున్నపు పొర కడుతుంది. లోపలికి గాలి చొరబడితే వ్యాక్యూమ్ పోయి సామర్థ్యం పడిపోతుంది, తుప్పు మొదలవుతుంది. లోపలి లిథియం బ్రోమైడ్ ద్రావణాన్ని పలచబరిచే సమయమివ్వకుండా కరెంటు పోతే ఉప్పు గడ్డకట్టవచ్చు. కాబట్టి ద్రావణం పంపును యూపీఎస్ లేదా జనరేటర్ మీద ఉంచాలి.

అసలు చిక్కు బిల్లులో ఉంది. హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్ల డిమాండ్ ఛార్జీ నెలలో నమోదైన గరిష్ఠానికి లేదా సీఎండీలో 80 శాతానికి, ఏది ఎక్కువైతే దానికి పడుతుంది. సీఎండీ తగ్గించుకోకపోతే పొదుపు ఆ గీత దగ్గరే ఆగిపోతుంది. తగ్గించుకున్నాక వామ్ ఆగి స్టాండ్‌బైగా ఉంచిన కరెంటు చిల్లర్ అరగంట నడిచినా ఆ నెల డిమాండ్ పొదుపు గల్లంతే. ఆరు డిగ్రీల తేడాతో 75 ఘనపు మీటర్ల చల్లనీళ్ల ట్యాంకు ఆ అరగంట ఆదుకుంటుంది. ట్యాంకుకు చోటు లేనివారు స్టాండ్‌బై ఆన్ కాగానే ఇతర లోడ్ తెగేలా ఇంటర్‌లాక్ పెట్టుకోవాలి.

డిస్కంలు చేయాల్సింది ఒకటుంది. వామ్ పెట్టిన యూనిట్లకు మొదటి ఏడాది సీఎండీని తగ్గించుకుని, అవసరమైతే కొత్త డెవలప్‌మెంట్ ఛార్జీలు లేకుండా తిరిగి పెంచుకునే వీలివ్వాలి. ఆ భరోసా లేనంతకాలం ఏ ప్లాంట్ మేనేజరూ డీరేషన్ (సీఎండీ తగ్గింపు) దరఖాస్తు మీద సంతకం పెట్టడు.