ఆ అమ్మాయి ఆ ఫ్యూజు వేయనివ్వలేదు

మన సంఘం వార్షికోత్సవం అయ్యాక కార్యవర్గం నుంచి సభ్యులందరికీ వచ్చిన సందేశం మీరూ చదివే ఉంటారు. "సాంకేతిక ఇబ్బందుల దృష్ట్యా" వచ్చే ఏడాది నుంచి వేదిక మీద పాటలన్నీ ముందే రికార్డు చేసిన ట్రాక్ మీదేనట, లైవ్ వాద్యాలు ఉండవట. ఆ ఇబ్బంది ఏమిటో హాల్లో ఉన్నవాళ్లందరికీ తెలుసు. పిల్లల బ్యాండు రెండో పాట మధ్యలో గిటార్ ఆంప్, అంటే గిటార్ శబ్దాన్ని పెంచే యాంప్లిఫయర్, ఆగిపోయింది. అది ఎందుకు ఆగిందో, ఆగాక ఎవరేం చేశారో తెలియకుండానే ఇంత పెద్ద నిర్ణయం అయిపోవడం నాకు కష్టంగా ఉంది.

బ్యాండుకి సామాన్లు సర్దే పని నాదే కాబట్టి ఆ సమయంలో నేను తెర చాటున, ఆ ఆంప్ వెనకాలే నిలబడి ఉన్నాను. గిటార్ వాయించే అమ్మాయి తెచ్చుకున్నది ట్యూబ్ ఆంప్. పాత వాల్వు రేడియోలు చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు, ఆ గాజు వాల్వులే ఇందులోనూ ఉంటాయి. ముందు దశలో మూడు చిన్న 12ఏఎక్స్7లు, స్పీకర్‌ని నడిపించడానికి రెండు పెద్ద ఈఎల్34లు. పల్లవి హాయిగా సాగింది. చరణంలోకి వచ్చేసరికి శబ్దం చిరచిరలాడింది. వంగి వెనక జాలీలోంచి చూస్తే పెద్ద ట్యూబుల్లో ఒకదాని లోపలి రేకు ఎర్రగా కాలుతోంది. ట్యూబు మామూలుగా పనిచేసేటప్పుడు మధ్యలో సన్నగా నారింజ రంగు వెలుగు కనిపిస్తుంది, దానికేం భయం లేదు. ఇక్కడ బూడిద రంగులో ఉండాల్సిన ఆ రేకే, అంటే ప్లేటే, ఎర్రబడింది. అంటే అది తట్టుకోలేనంత కరెంటు దాంట్లోంచి పోతోందన్నమాట. నేను పిలిచేలోపే ఫట్‌మని చప్పుడైంది, గిటార్ మూగబోయింది. ముందున్న చిన్న దీపం మాత్రం వెలుగుతూనే ఉంది.

ఆ అమ్మాయి కంగారు పడలేదు. ట్యూబులకి హై టెన్షన్ ఆపే స్టాండ్‌బై స్విచ్చి దించింది, తర్వాత పవర్ ఆపింది, ప్లగ్గు పీకేసింది. నా వైపు చూసి "హెచ్‌టీ ఫ్యూజు పోయుంటుంది అంకుల్" అంది.

సరిగ్గా చెప్పింది. ఇలాంటి ఆంపుల్లో చాలావాటికి రెండు ఫ్యూజులుంటాయి. గోడ నుంచి వచ్చే కరెంటుకి ఒకటి, ట్యూబులకి అందే హై టెన్షన్ (హెచ్‌టీ) కరెంటుకి ఇంకొకటి. మొదటిది పోతే దీపమే వెలగదు. రెండోది పోతే దీపం వెలుగుతుంది, ట్యూబులు వెచ్చగానే ఉంటాయి, శబ్దం మాత్రం రాదు. దీపం వెలుగుతూ శబ్దం రాని ప్రతిసారీ ఆంప్ పాడైందనుకోవడం కూడా తప్పే. చాలాసార్లు కేబులే తెగి ఉంటుంది. కాలితో నొక్కి శబ్దం మార్చే పెడల్స్ అన్నీ పక్కన పెట్టి గిటార్‌ని వేరే కేబుల్‌తో నేరుగా ఆంప్‌కి పెట్టి చూడాలి. ఎఫెక్ట్స్ లూప్ (పెడల్స్‌ని ఆంప్ మధ్యలో కలిపే జాకులు) ఉంటే దాని సెండ్‌నీ రిటర్న్‌నీ చిన్న కేబుల్‌తో కలిపి చూడాలి, ఆ జాకుల్లో చిలుము పట్టినా శబ్దం ఆగిపోతుంది. ఇవన్నీ ఐదు నిమిషాల్లో తేలే పనులు. కానీ ప్లేటు ఎర్రబడిందని, ఫట్‌మన్నదని తెలిశాక ఈ పరీక్షలేవీ చేయకూడదు, మళ్లీ ఆన్ చేయనే కూడదు.

ఇంతలో కార్యవర్గంలోని పెద్దాయన ఒకరు లైట్ల పెట్టెలోంచి 5 ఆంపియర్ల ఫ్యూజు పట్టుకుని గబగబా వచ్చారు. "ఇది వేసెయ్యమ్మా, ఒక్క పాటే కదా" అన్నారు. ఆంప్‌లో ఉండాల్సింది 1 ఆంపియర్ ఫ్యూజు. "వద్దండీ అంకుల్, ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది" అంది ఆ పిల్ల. ఆయన చెయ్యి చాపారు. ఆమె కదలకుండా ఆంప్‌కి అడ్డంగా నిలబడింది. వ్యాఖ్యాత మైకులో ఏదో సర్దిచెప్పారు, ట్రాక్ వేశారు, అబ్బాయి దాని మీద పాడేశాడు. ఆ అమ్మాయి పాట అయిపోయేదాకా గిటార్ మెడలో వేసుకుని అలాగే నిలబడింది. విరామంలో నా చెవిన పడిన మాటలు ఇక్కడ రాయలేను. పెద్దలంటే లెక్కలేని పిల్ల అన్న మాట మాత్రం రాయకుండా ఉండలేను.

ఆ పెద్దాయనంటే నాకు గౌరవమే. ఫ్యూజు కొట్టేస్తే దొరికిన రాగి తీగ చుట్టి ఇంట్లో దీపం వెలిగించుకున్న తరం మాది. ఏమీ లేనిచోట ఏదో ఒకటి చేసి నెట్టుకురావడం మాకు చిన్నప్పటి నుంచీ అలవాటు, ఆ అలవాటే మమ్మల్ని ఇంత దూరం తెచ్చింది. ఆ రోజు ఆయన పరిగెత్తింది కూడా పిల్లల పాట ఆగకూడదనే. అయినా చెప్పాల్సింది చెప్పాలి. ఆ తీగ అప్పుడు కూడా ప్రమాదమే, మన అదృష్టం బాగుండి గడిచిపోయింది. ట్యూబ్ ఆంప్ లోపల 400 వోల్టులు దాటి ఉండొచ్చు. ప్లగ్గు పీకాక కూడా కెపాసిటర్లలో ఆ కరెంటు నిలిచి ఉంటుంది. వాటిని ఖాళీ చేయడం తెలియనివాళ్లు మూత విప్పి చెయ్యి పెడితే ప్రాణం మీదకి వస్తుంది.

తర్వాత ఆంప్‌ని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లినప్పుడు నేనూ వెళ్లాను. ఆయన ఆ ట్యూబు పీకి నా చేతిలో పెట్టారు. పైన వెండి పూత నిగనిగలాడుతూనే ఉంది. గాజు పగిలి గాలి దూరి ఉంటే ఆ పూత పాలలా తెల్లబడేది. ఇందులో గాలి దూరలేదు, చూడ్డానికి కొత్తదానిలాగే ఉంది. మెల్లగా ఊపితే మాత్రం లోపల ఏదో చిన్న ముక్క గలగలమంది. మీటరు పెడితే షార్ట్ చూపించింది. దాని సాకెట్ దగ్గరున్న స్క్రీన్ రెసిస్టర్ బొగ్గులా నల్లబడి ఉంది. రెండు ఈఎల్34లూ జతగా మార్చి, రెసిస్టర్ మార్చి, బయాస్ (ట్యూబులోంచి ఎంత కరెంటు పోవాలో నిర్ణయించే అమరిక) సరిచేసి, అదే 1 ఆంపియర్ స్లో బ్లో (కాస్త ఆగి తెగే) ఫ్యూజు వేశారు. ఆంప్ బాగైంది. ట్రాన్స్‌ఫార్మర్లు రెండూ చెక్కుచెదరలేదు. షార్ట్ అయిన ట్యూబు లోపల ఉండగా ఆ పెద్ద ఫ్యూజు వేసి ఆన్ చేసి ఉంటే, ముందు పోవాల్సిన ఫ్యూజు పోకుండా ట్రాన్స్‌ఫార్మర్ కాలి ఉండేది. కిక్కిరిసిన హాల్లో, తెరల పక్కన పొగ లేచి ఉండేది. మనం పొగరు అనుకున్న పని ఇదీ.

కార్యవర్గం బాధ నాకు తెలియనిది కాదు. హాలు ఇచ్చిన సమయంలోనే అన్ని అంశాలూ పూర్తి కావాలి. మేకప్ వేసుకున్న చిన్నపిల్లలు పక్కన ఎదురుచూస్తుంటారు. ట్యూబ్ ఆంప్ బరువు, ట్యూబులు అరిగిపోతాయి, మోసుకెళ్లడంలో దెబ్బతింటాయి. ట్రాన్సిస్టర్ వచ్చింది 1947లో. ఆ తర్వాత రేడియోల్లోంచి, టీవీల్లోంచి వాల్వులు వెళ్లిపోయాయి. ట్రాన్సిస్టర్ ఆంప్‌కో, డిజిటల్ ఆంప్‌కో ఈ బెడద తక్కువే. అయినా గిటార్ వాయించేవాళ్లు చాలామంది ట్యూబుని వదల్లేదు. గట్టిగా మీటితే ఆ శబ్దం మెల్లగా చిట్లుతుంది, వేలు తేలిక చేస్తే మళ్లీ తేటపడుతుంది. ఆ అమ్మాయి ఆ తేడా కోసమే అంత బరువు మోసుకొచ్చింది. ఆ ఎంపిక ఆమెదే.

ఇక ట్రాక్ సంగతి. గాయకుడు ఊపిరి అందక ఒక్క క్షణం ఆగితే ట్రాక్ ఆగదు. పక్కన వాయించేవాళ్లు ఆగుతారు, అతని కళ్లలోకి చూసి మళ్లీ అందుకుంటారు. మన పిల్లలు నెలల తరబడి వారాంతాలు వదులుకుని నేర్చుకున్నది ఇదే. ఒక ట్యూబు పోయిందని దాన్నంతా మాన్పించడం న్యాయం కాదు.

పైగా ఆ రోజు దారి లేక కాదు. ఆ అమ్మాయి పెడల్ బోర్డులో స్పీకర్ శబ్దాన్ని అనుకరించే పెడల్ ఉంది. సౌండ్ ఇంజినీర్ దగ్గర వాద్యాన్ని నేరుగా మిక్సర్‌కి కలిపే డీఐ బాక్సు ఉంది. గిటార్‌ని ఆ పెడల్ మీదుగా మిక్సర్‌కి కలిపితే పాట మళ్లీ మొదలయ్యేది. మనం ఇవ్వనిది కాస్త సమయం. సన్మానాల్లో ఒకటి ముందుకి జరిపినా సరిపోయేది.

అందుకే కార్యవర్గానికి నా విన్నపం. ఆ సందేశాన్ని వెనక్కి తీసుకోండి. ముందు రోజు సౌండ్ చెక్‌లోనే ఆంప్ లేకుండా మిక్సర్‌కి వెళ్లే దారి కూడా ఒకసారి వాయించి చూడనివ్వండి. ఆంప్ స్పీకర్ జాక్‌లోంచి మాత్రం మిక్సర్‌కి వైరు లాగొద్దు, స్పీకర్ లేకుండా ట్యూబ్ ఆంప్‌ని నడపనూ వద్దు. ఆ రెండూ వేరే నష్టాలు తెస్తాయి. వేదిక మీద కరెంటు సామాను విషయంలో సౌండ్ ఇంజినీర్ మాటే చివరి మాట కావాలి, మనలో ఎంత పెద్దవాళ్లకైనా సరే. సరైన రేటింగ్ ఫ్యూజులు, మంచి కేబుళ్లు, ఒక టార్చి లైటు పెట్టిన చిన్న పెట్టె నేను సమకూరుస్తాను.

వచ్చే సమావేశానికి ఆ అమ్మాయినీ, వాళ్ల అమ్మానాన్నలనూ పిలవండి. ఆమె చేసింది సరైన పనేనని ఆ పెద్దాయన ఎదుటే అందరికీ చెప్పండి. ఆయన కూడా కాదనరని నా నమ్మకం.