రూము తీసుకోవాలా, రైలెక్కాలా

అక్కకీ నాకూ రెండు ఆదివారాలుగా నడుస్తున్న వాదన ఇది. మేనల్లుడికి పదహారేళ్లు. టెన్త్ మార్కులకి విజయవాడ ఐటీఐలో ఫిట్టర్ సీటు రాలేదు, తెనాలిలో వచ్చింది. అక్కావాళ్లది సింగ్‌నగర్. నేను ఆటోనగర్‌లో లేత్ మీద పనిచేస్తాను. వాడు తెనాలిలోనే రూము తీసుకుని ఉండాలని నా పట్టు. అక్క అన్నవీ దాచకుండా రాస్తున్నాను.

అక్క: తెనాలి ఏమన్నా దుబాయా? బెజవాడలో ఎక్కితే కృష్ణా కెనాల్, కొలనుకొండ, చిలువూరు, దుగ్గిరాల... గట్టిగా గంట. సీజన్ టికెట్ ఖరీదు రూము అద్దెలో పిసరంత. పొద్దున వేడన్నం తిని వెళ్తాడు, రాత్రికి ఇల్లు చేరతాడు. దీనికి వేరు కాపురం దేనికిరా?

తమ్ముడు: ఆ గంట టైంటేబుల్‌లోనే అక్కా. ఇంటి నుంచి స్టేషన్‌కి ఆటో, అక్కడ ఎదురుచూపు. వచ్చేటప్పుడు కృష్ణా కెనాల్ దగ్గర ఎక్స్‌ప్రెస్‌లకి దారిచ్చి ప్యాసింజర్‌ని నిలబెడతారు. ఊరు ఎదురుగానే ఉంటుంది, బండి కదలదు. ఐటీఐలో 80 శాతం హాజరు లేకపోతే పరీక్షకి కూర్చోనివ్వరు.

అక్క: హాజరు కోసమైతే ఇంకా ముందు బండికి పంపిస్తా. నాలుగింటికి లేవడం నాకు కొత్తా?

తమ్ముడు: నువ్వు లేస్తావు, నాకు తెలుసు. వాడెప్పుడు లేస్తాడన్నదే నా బాధ. ఫిట్టర్ అంటే ఏమనుకున్నావు? మొదటి నెలలన్నీ ఆకురాయి పనే. ఇనుప ముక్కని వైస్‌లో బిగించి, కాళ్లు ఎడంగా పెట్టి నిలబడి, సాయంత్రం దాకా రాకడమే. మధ్యమధ్యలో మూల సరిగ్గా ఉందో లేదో చూసే ట్రైస్క్వేర్ ఆనించి ముక్కని వెలుతురుకి ఎత్తి చూడాలి. సందులోంచి సన్నటి వెలుగు గీత కనపడిందా, మళ్లీ మొదటికి. కొలతలు చూసే వెర్నియర్ పెడితే 0.02 మిల్లీమీటర్ల తేడా కూడా దొరికిపోతుంది. ఆ చేతులతో కంచంలో అన్నం కలుపుకోవడమే కష్టం. అలాంటి పిల్లాడు రైల్లో నిలబడి వచ్చి డ్రాయింగులు ఎప్పుడు గీస్తాడు, రికార్డు ఎప్పుడు రాస్తాడు? రూమైతే ఐదింటికల్లా చేరతాడు. ఓ కునుకు తీసి లేచి రాసుకుంటాడు. ఇంకో మాట. నేను అదే ఊళ్లో, చెంచుపేటలో రెండేళ్లు రూములో ఉన్నాను. నెలాఖరున జేబులో నలభై రూపాయలుంటే ఏం వండుకోవాలో అక్కడే తెలిసింది. జ్వరమొస్తే ఎవరి తలుపు తట్టాలో తెలిసింది. ఇవాళ షెడ్డుకి వచ్చే కుర్రాళ్లలో పని వచ్చినవాళ్లు బోలెడుమంది. ఎవరూ లేపకుండా లేచి టైముకొచ్చేవాడే దొరకడం లేదు.

అక్క: అదే రూములో నీకు పచ్చకామెర్లు వచ్చిన సంగతి చెప్పవేం? నాన్న నిన్ను పట్టుకుని రైలు దింపి తీసుకొచ్చాడు. నెల్లాళ్లు చప్పిడి కూడు వండింది నేను. ఎవరి తలుపు తట్టాలో తెలిసిందంటున్నావు, తట్టింది మన తలుపేగా?

తమ్ముడు: నిజమే. నీళ్లు కాచుకునేవాణ్ణి కాదు. సిగ్గుపడి పదిరోజులు ఎవరికీ చెప్పలేదు కూడా. అది నా తప్పు.

అక్క: నువ్వే చెప్పలేదు, వాడు చెబుతాడా? పైగా చేతిలో ఫోను. క్రికెట్ బెట్టింగుల్లో పడి ఎంతమంది పిల్లలు పాడవుతున్నారో చూడట్లేదా?

తమ్ముడు: బెట్టింగుకి రూమెందుకక్కా, నీ పక్కనే దుప్పటి కప్పుకుని ఆడొచ్చు. వాడలాంటోడు కాదని నీకూ తెలుసు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు ఏం చేశాడు? ఛాతీలోతు నీళ్లలో ట్యూబు తోసుకుంటూ వెళ్లి పాల ప్యాకెట్లు తెచ్చాడు. కింద వాటా మామ్మకి బీపీ మాత్రలు తెచ్చాడు. ఆ రోజు వాణ్ణి నమ్మి పంపావుగా.

అక్క: నమ్మి పంపలేదురా, గతిలేక పంపాను. వాడు తిరిగొచ్చేదాకా మెట్ల మీద నిలబడి, నీళ్లు ఎన్ని మెట్లు మింగాయో లెక్కపెడుతూ ఉన్నా. మళ్లీ అలాంటి రోజొస్తే నా బిడ్డ నా కళ్లముందు ఉండాలి. దీనికేమంటావు?

తమ్ముడు: ఏమీ అనలేను. కానీ నాన్న కూడా అలాగే భయపడి ఉంటే నేనివాళ...

అక్క: నాన్న భయపడ్డది నా విషయంలో. నాకు గుంటూరు మహిళా పాలిటెక్నిక్‌లో సీటొస్తే, ఆడపిల్ల హాస్టల్లో ఏంటన్నాడు. మూడేళ్లు తిరక్కముందే నిన్ను తెనాలి పంపాడు. నీ రూము అడ్వాన్సు ఎక్కడిదో తెలుసా? నా దిద్దులు తాకట్టు పెట్టింది.

తమ్ముడు: తెలీదక్కా. ఒట్టు.

అక్క: తెలీదు. అడగలేదు కూడా.

తమ్ముడు: అడగలేదు. నీకు సీటొచ్చేనాటికి నాకు పదమూడేళ్లు, మాట చెల్లేది కాదు. తర్వాతన్నా అడగాల్సింది. అప్పుడు నిన్ను పంపాల్సింది అక్కా. అందుకే ఇప్పుడు వీణ్ణి పంపమంటున్నా. ఒంటరిగా వద్దు, వాడి బ్యాచ్‌లోనే ఇంకో పిల్లాణ్ణి చూసి ఇద్దర్నీ పెడదాం. అద్దెలో సగం నాది. శనివారం సాయంత్రం రైలెక్కి ఇంటికొస్తాడు. నీళ్లు కాచుకోవడం నేనే దగ్గరుండి అలవాటు చేస్తా. రెండేళ్లయ్యాక రాయనపాడు వ్యాగన్ వర్క్‌షాపులో అప్రెంటిస్ దొరికితే నీ దగ్గరే ఉంటాడు. విశాఖలో వస్తే? ఆ రోజు పొయ్యి ముట్టించడం నేర్చుకుంటాడా?

అక్క: నా అనుమానం అద్దె గురించి కాదు. వచ్చే ఏడు చిన్నది టెన్త్ రాస్తోంది. గుంటూరులో సీటొచ్చిందనుకో. దానికీ రూము చూస్తావా?

తమ్ముడు: చూస్తా. హాస్టలైనా, రూమైనా. సగం నాదే.

అక్క: రాత్రికి మీ బావ వస్తారు. ఈ మాట ఆయన ముందు చెప్పు.