మనవడికీ శత్రువు ముద్రేనా?

చైనాతో మన వ్యాపారం ఏటా పదివేల కోట్ల డాలర్లు దాటింది. అయినా, యుద్ధం చేసిన దేశాల పౌరులు ఇక్కడ వదిలివెళ్లిన ఆస్తుల్ని ప్రభుత్వం స్వాధీనం చేసుకునే శత్రు ఆస్తుల చట్టం కింద చైనా నేటికీ శత్రు దేశమే. 1962 యుద్ధం నాటి ముద్ర అది. పాకిస్థాన్‌కు 1965లో పడింది. అదే పాకిస్థాన్‌కు 1996లో వ్యాపారంలో అత్యంత అనుకూల దేశం హోదా ఇచ్చాం, 2019లో పుల్వామా దాడి తర్వాత తీసేశాం. ఇచ్చిన రోజూ తీసిన రోజూ ఆస్తుల రిజిస్టర్‌లో మాత్రం అది శత్రువే. ముద్ర వేయడానికి మన దగ్గర చట్టం ఉంది. తీసేది ఎప్పుడో, ఎలాగో చెప్పే ఏర్పాటే లేదు.

యుద్ధం వచ్చినప్పుడు శత్రు దేశస్థుల ఆస్తిని ప్రభుత్వం స్వాధీనం చేసుకోవడాన్ని ఎవరూ తప్పుపట్టరు. పేచీ అంతా ఆ తర్వాతే. ఉత్తరప్రదేశ్‌లోని మహమూదాబాద్ రాజా 1957లో పాకిస్థాన్ పౌరసత్వం తీసుకున్నారు. భార్య, కొడుకు ఇక్కడే ఉండిపోయారు. ఆ కొడుకు భారత పౌరుడు, ఉత్తరప్రదేశ్‌లో ఎమ్మెల్యేగా కూడా గెలిచారు. లక్నోలోని బట్లర్ ప్యాలెస్, హజ్రత్‌గంజ్‌లోని దుకాణాలు, మహమూదాబాద్ కోట కస్టోడియన్ (శత్రు ఆస్తుల్ని చూసే ప్రభుత్వ అధికారి) చేతిలోకి పోతే, మూడు దశాబ్దాలు కోర్టుల చుట్టూ తిరిగారు. భారత పౌరుడు శత్రువెలా అవుతాడని 2005లో సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చింది.

గెలిచిన ఆనందం ఎంతోకాలం నిలవలేదు. 2010లో ఒక ఆర్డినెన్స్, 2016లో వరసగా ఐదు, చివరికి 2017లో సవరణ చట్టం. శత్రువు చనిపోయినా, వారసుడు, కొడుకైనా మనవడైనా, భారతీయుడే అయినా ఆస్తి శత్రు ఆస్తే అన్నారు. పైగా ఇదంతా అసలు చట్టం వచ్చిన 1968 నుంచే అమల్లో ఉన్నట్టు రాసుకున్నారు. ఆట అయిపోయాక రూల్స్ మార్చడమంటే ఇదే. సివిల్ కోర్టుకు వెళ్లే దారీ మూసేశారు. పాకిస్థాన్ తన దగ్గరున్న మనవాళ్ల ఆస్తుల్ని అమ్ముకుంది కదా అన్నది ప్రభుత్వ వాదన. అది నిజమే. కానీ దానికి మన పౌరుడు ఎందుకు మూల్యం చెల్లించాలి?

దేశాలకు ఇలాంటి ముద్రే వేసే జాబితా అమెరికాకూ ఉంది, ఉగ్రవాద పోషక దేశాల జాబితా. అదీ రాజకీయాలకు అతీతమేమీ కాదు. 2015లో తీసేసిన క్యూబాను 2021లో మళ్లీ చేర్చారు. 2025 జనవరిలో బైడెన్ తీసేస్తానంటే, వారం తిరక్కుండానే ట్రంప్ దాన్ని రద్దు చేశారు. అయినా అక్కడ పేరు తీసేయాలంటే కారణం చెబుతూ అధ్యక్షుడు కాంగ్రెస్‌కు నివేదిక ఇవ్వాలి. మనకు ఆ మాత్రం కూడా లేదు.

కేంద్రం 2018లో చెప్పిన లెక్కలో పాకిస్థానీయులవి 9,280, చైనీయులవి 126 ఆస్తులున్నాయి. ఇటువంటి స్థలాలు హైదరాబాద్‌లోనూ ఉన్నాయి. అమ్మకాలు కూడా మొదలయ్యాయి. శత్రు ఆస్తి కింద ఉన్న విప్రో కంపెనీ షేర్లు 2019లో అమ్మితేనే సుమారు రూ.1,150 కోట్లు వచ్చాయి. చేతులు మారిన స్థలం రేపు ఏ తీర్పు వచ్చినా వెనక్కి రాదు. భారత పౌరులే వారసులుగా ఉన్న ఆస్తుల వేలం ముందు ఆపాలి. వాటి జాబితా విడిగా తీసి పార్లమెంటు ముందు పెట్టాలి.