నల్లమల ఫొటోలో ఉన్నది చంపే పురుగు కాదు

అచ్చంపేట, అమ్రాబాద్ వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫొటో తెగ తిరుగుతోంది. బండకు చదునుగా అతుక్కున్న నల్లటి పురుగు, ముందు ముళ్ల చేతులు, పక్కలకు దారాల్లాంటి పొడవాటి కాళ్లు. కింద ఇలా రాశారు: ‘తేలుకూ సాలెపురుగుకూ పుట్టిన కొత్త జీవి. కొరడాలతో కుడుతుంది, యాసిడ్ చిమ్ముతుంది, వీపు నిండా విషపు బుడిపెలు. కుడితే పది నిమిషాల్లో ప్రాణం పోతుంది. కనబడితే చంపండి.’ ఇందులో ఒక్క ముక్కా నిజం కాదు.

అది విప్ స్పైడర్, సాలెపురుగుల చుట్టమే అయినా వేరే జీవి. తేలూ సాలెపురుగూ జతకట్టి పిల్లల్ని కనడం జరగని పని. కొత్తదీ కాదు, దీని జాతి శిలాజాలు సుమారు 30 కోట్ల ఏళ్ల నాటివి దొరికాయి.

భయమంతా ఆ కొరడాల వల్లే పుడుతోంది. నిజానికి అవి దాని మొదటి జత కాళ్లు. ఎనిమిది కాళ్లున్నా నడిచేది ఆరింటితోనే, అదీ ఎండ్రకాయలా పక్కకు. మిగతా రెండూ శరీరానికి ఎన్నో రెట్లు పొడవు పెరిగి, చీకట్లో దారినీ వేటనూ తడిమి, వాసన పట్టి చెబుతాయి. వాటి చివర కొండి ఉండదు. ముందున్న ముళ్ల చేతులు బొద్దింకల్ని, కీచురాళ్లను ఒడిసి పట్టడానికి. మనం గట్టిగా పట్టుకుంటే ఆ ముళ్లు గీసుకుంటాయి. సబ్బుతో కడుక్కుంటే చాలు. దీనికి విషగ్రంథులే లేవు, ఇక చచ్చిపోవడం ఎక్కడిది?

యాసిడ్ మాట దీని చుట్టం విప్ స్కార్పియన్‌ది. దానికి వెనక సన్నటి తోక ఉంటుంది, బెదిరిస్తే వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లం చిమ్ముతుంది. విప్ స్పైడర్‌కు తోకే లేదు.

‘విషపు బుడిపెలు’ అన్న మాటకే నాకు ఎక్కువ బాధ కలిగింది. అవి దాని పిల్లలు! తల్లి గుడ్ల సంచిని పొట్ట కింద మోస్తుంది. పిల్లలు బయటికొచ్చాక మొదటి కుబుసం విడిచేదాకా వీపు మీదే పెట్టుకు తిరుగుతుంది. ఆ తల్లినీ పిల్లల్నీ కలిపి చెప్పుతో కొట్టమంటున్నారు.

మనం నిజంగా జాగ్రత్తపడాల్సింది ఎర్రతేలుతో. దాని విషం గుండెను దెబ్బతీస్తుంది, పిల్లలకు మరీ ప్రమాదం. మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ ప్రాజోసిన్ అనే మాత్రతో ఈ మరణాలను బాగా తగ్గించి చూపించారు. అందుకే రాయి ఎత్తినప్పుడు పైకి వంగిన తోక, చివర కొండి ఉన్నాయేమో చూడండి. అది కుడితే మంత్రం కోసం తిరగకండి, చెమటలూ వాంతులూ మొదలయ్యేదాకా ఆగకండి, వెంటనే దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లండి.