256 జీబీ సంగతి ముందు తేల్చండి

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. యాపిల్ చిన్న డెస్క్‌టాప్ డబ్బా మ్యాక్ మినీ కొత్త మోడల్ మీద నడుస్తున్న చర్చ చూస్తుంటే నాకు ఈ సామెతే గుర్తొస్తోంది. యాపిల్ ఒక్క ముక్క చెప్పలేదు. ధర తెలీదు, తేదీ తెలీదు. ఎం5 ప్రాసెసర్ చిప్‌తో వస్తుందట, దాని పైమెట్టుగా ఎం5 ప్రో కూడా ఉంటుందట అన్న పుకారు పుట్టిందో లేదో జనం రెండు పార్టీలైపోయారు. ఇప్పుడు ఎం4 చిప్ ఉన్న 2024 మోడల్ కొనేవాడు అమాయకుడని ఒక పార్టీ. ఎం4కే సరిపడా పని ఇవ్వలేకపోతున్నాం, ఎం5 ఎందుకని రెండో పార్టీ. 2024లో పవర్ బటన్‌ను డబ్బా అడుగున పెట్టారని గోల చేసింది కూడా వీళ్లే. ఎప్పుడో నెలకోసారి నొక్కే బటన్ అది.

ఈ గొడవ మొత్తం తప్పు ప్రశ్న చుట్టూ తిరుగుతోందని నా గట్టి నమ్మకం. మినీ కొనేవాడి కష్టం చిప్‌లో లేదు. ఎప్పుడూ లేదు. కష్టమంతా మెమరీలో, స్టోరేజీలో, ఆ రెండింటికీ యాపిల్ వేసే రేటులో ఉంది. చిప్ గురించి మనం ఎంత మాట్లాడుకుంటే ఆ కంపెనీకి అంత హాయి, ఎందుకంటే చిప్ దగ్గర వాళ్లకు ఎదురు లేదు.

లెక్క చూడండి. ఎం4 మినీ 2024లో మన దేశంలో రూ.59,900కి వచ్చింది. 16 జీబీ మెమరీ (ర్యామ్), 256 జీబీ స్టోరేజీ. స్టోరేజీ 512 జీబీ కావాలంటే రూ.79,900. దాని మీద మెమరీ 24 జీబీ కావాలంటే రూ.99,900. మూడింటిలోనూ ఉన్నది అదే చిప్, అవే కోర్లు (చిప్‌లో లెక్కలు చేసే విభాగాలు), అదే డబ్బా. రెండు మెట్లు ఎక్కడానికి నలభై వేలు, అంటే అసలు మెషీన్ ఖరీదులో మూడింట రెండు వంతులు. స్టోరేజీకి వాడే ఎస్ఎస్‌డీ డిస్కుల ధరలు ఈ మధ్య ఎంత పెరిగినా, బయట 512 జీబీది కొత్తది కొనుక్కున్నా యాపిల్ అదనపు 256 జీబీకి తీసుకునే ఇరవై వేల దరిదాపులకు రాదు. బస్టాండ్‌లో వాటర్ బాటిల్ మీద ఐదు రూపాయలు ఎక్కువ అడిగితే కొట్లాటకు దిగే మనం, ఇక్కడ మాత్రం నోరెత్తకుండా కార్డు గీకేస్తాం.

మా మేనల్లుడు ఐఫోన్ యాప్‌లు రాయడం నేర్చుకుంటున్నాడు. ఆ పనికి ఎక్స్‌కోడ్ అనే యాపిల్ సాఫ్ట్‌వేర్ కావాలి, ఎక్స్‌కోడ్ మ్యాక్ మీద తప్ప నడవదు. కొత్త మ్యాక్‌బుక్ ల్యాప్‌టాప్ కొనే స్తోమత లేని కుర్రాళ్లకు మినీ ఒక్కటే దారి. ఇంట్లో ఉన్న మానిటర్, పాత కీబోర్డు తగిలించుకుంటే పని మొదలు. వాడు స్నేహితుడి మినీ మీద నెల రోజులు పని చేశాడు. వేగం గురించి ఒక్కసారి కూడా ఫిర్యాదు చేయలేదు. చేసిందల్లా డిస్కు నిండిపోయిందని. ఎక్స్‌కోడ్, యాప్‌ను పరీక్షించే సిమ్యులేటర్లు, ప్రాజెక్టు బిల్డులు కలిసి చూస్తుండగానే పదుల జీబీలు మింగేస్తాయి. ఇప్పుడు ఆ డబ్బా వెనక ఒక ఎస్ఎస్‌డీ సెలైన్ బాటిల్‌లా వేలాడుతూ ఉంటుంది.

ఎం5లో నిజంగా కొత్తదనం ఉంది, కాదనను. 2025 అక్టోబరులో మ్యాక్‌బుక్ ప్రోలో వచ్చినప్పుడే చూశాం. మెమరీ నుంచి డేటా లాగే వేగం ఎం4లో సెకనుకు 120 జీబీ అయితే ఇందులో 153 జీబీ. గ్రాఫిక్స్ కోర్లు ఒక్కొక్కదానిలో ఏఐ లెక్కల కోసం ప్రత్యేకమైన భాగం పెట్టారు. ఇదంతా దేనికి? ముఖ్యంగా ఏఐ మోడళ్లను ఇంట్లోనే, మన మెషీన్ మీదే నడపడానికి. అలా నడవాలంటే మోడల్ మొత్తం మెమరీలో కూర్చోవాలి. 16 జీబీలో మ్యాక్‌ను నడిపే మ్యాక్‌ఓఎస్ వాటా, బ్రౌజర్ వాటా పోగా మిగిలేదెంత? చిన్న మోడల్ ఒకటి ఇరుక్కుని కూర్చుంటుంది, అంతే. అంటే కొత్త చిప్ గొప్పదనం కూడా మెమరీకి పైకం కట్టినవాడికే పూర్తిగా దక్కుతుంది. అన్నిటికంటే చవకైన బేస్ మోడల్ కొన్నవాడికి రేసు గుర్రాన్ని ఇచ్చి, మేత మాత్రం విడిగా కొనుక్కోమన్నట్టు.

అప్‌గ్రేడ్ అనే మాటనే ఒకసారి అనుమానించండి. మినీ చరిత్రలో అది రెండుసార్లు వెనక్కి నడిచింది. 2012 మోడల్‌లో నాలుగు కోర్ల ఇంటెల్ ఐ7 ప్రాసెసర్ దొరికేది. 2014 అక్టోబరులో వచ్చిన కొత్త మోడల్‌లో ఎంత పోసినా రెండు కోర్లే. పైగా మెమరీని బోర్డుకు టంకం వేసేశారు. ఆ తర్వాత 2018 అక్టోబరు దాకా, నాలుగేళ్లకు పైగా, దాన్ని పట్టించుకున్న నాథుడు లేడు. మినీ మాకు ముఖ్యమైనదేనని మధ్యలో, 2017లో, నాటి యాపిల్ మార్కెటింగ్ అధిపతి ఫిల్ షిల్లర్ ఒకసారి, సీఈఓ టిమ్ కుక్ ఒకసారి ఊరడించారు. రెండోసారి 2023లో. ఎం2 మినీ బేస్ మోడల్‌లో డేటా దాచే ఫ్లాష్ చిప్‌లు రెండింటి బదులు ఒక్కటే పెట్టారు. దాంతో ఆ 256 జీబీ డిస్కు పాత ఎం1 మినీ డిస్కు కంటే నెమ్మదిగా నడిచింది. ప్రాసెసర్ కొత్తది, డిస్కు వేగం తగ్గింది, పేరు మాత్రం అప్‌గ్రేడ్.

ఇక మెమరీ కథ. 2020 నవంబరులో ఎం1 మినీ 8 జీబీతో వచ్చింది. ఎం2 కూడా 8 జీబీతోనే. చాలడం లేదని జనం మొత్తుకుంటుంటే, 2023 నవంబరులో యాపిల్ మార్కెటింగ్ ఉపాధ్యక్షుడు బాబ్ బోర్చర్స్ మా 8 జీబీ ఇతరుల 16 జీబీతో సమానం అనే ధోరణిలో సమాధానం చెప్పారు. ఏడాది తిరగకుండానే బేస్ మోడల్ 16 జీబీ అయింది. మన మొర విన్నారనుకునేరు. యాపిల్ ఇంటెలిజెన్స్ పేరుతో వాళ్ల ఏఐ నడవాల్సి వచ్చింది, అదీ సంగతి. నాలుగేళ్లు మనం అడిగితే కుదరనిది, వాళ్లకు అవసరం పడగానే అదే ధరలో కుదిరింది.

అవతలి వాళ్ల వాదనలో బలం లేకపోలేదు. మెమరీని చిప్ పక్కనే అతికించడం వల్లే అంత వేగం, అంత తక్కువ కరెంటు ఖర్చు సాధ్యమయ్యాయి. విడి స్లాటు పెడితే ఆ లాభం కొంత పోతుంది. అరవై వేల లోపు ఇంత నిశ్శబ్దంగా, ఇంత చురుగ్గా పని చేసే డెస్క్‌టాప్ మరొకటి చూపించమంటే నేనూ తడుముకుంటాను. కొన్నవాళ్లలో ఎక్కువమంది డబ్బా మూత జీవితంలో తెరవరు కూడా. మెమరీ విషయంలో ఇదంతా ఒప్పుకుంటాను. కానీ స్టోరేజీకి ఆ సాకు ఎక్కడిది? ఎం4 మినీలో ఎస్ఎస్‌డీ అసలు టంకం వేసి లేదు, విడి కార్డు మీదే ఉంది. ఊడదీయొచ్చు, మార్చొచ్చు. కానీ బయట దొరికే మామూలు ఎన్‌వీఎంఈ రకం ఎస్ఎస్‌డీ కార్డు అందులో పనిచేయదు. దానికోసమే తయారైన కార్డు వెతికి తెచ్చి, మరో మ్యాక్‌కు తగిలించి, సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించాలి. తలుపు పెట్టి తాళం వేసి, తాళంచెవి పక్కింట్లో దాచడం కాదా ఇది?

ఈ డబ్బాను తెరిచే విధానమే ఇరవై ఏళ్లలో ఎన్ని మలుపులు తిరిగిందో చూస్తే నవ్వొస్తుంది. 2005 జనవరిలో స్టీవ్ జాబ్స్ 499 డాలర్లకు మొదటి మినీని చూపించారు. 256 ఎంబీ మెమరీ, 40 జీబీ డిస్కు. మూత తీయడానికి జనం గోడకు లప్పం పూసే బ్లేడు వాడేవాళ్లు. సందులో దూర్చి, ఊపిరి బిగబట్టి, నెమ్మదిగా లేపాలి. 2010లో అల్యూమినియం మోడల్ వచ్చాక అడుగున గుండ్రటి మూత పెట్టారు. రెండు బొటనవేళ్లతో పచ్చడి జాడీ మూతలా తిప్పితే చాలు, మెమరీ స్లాట్లు కళ్లెదుట. నా దృష్టిలో మినీకి స్వర్ణయుగం అదే. 2014లో ఆ మూత కింద మామూలు స్క్రూడ్రైవర్‌కు లొంగని ప్రత్యేక స్క్రూలు వచ్చాయి. 2018లో మెమరీ మళ్లీ స్లాట్లలోకి వచ్చింది, కాకపోతే అక్కడిదాకా చేరాలంటే లోపలున్నవన్నీ బయటికి లాగాలి. 2020లో ఆ స్లాట్లూ పోయాయి. తెరవనివ్వాలా వద్దా అన్న విషయంలో ఇంజనీర్లకు ఒక సిద్ధాంతం ఉన్నట్టు ఇందులో ఎక్కడైనా కనిపిస్తోందా?

2002లో మా ఇంటికి మొదటి కంప్యూటర్ వచ్చింది. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ల బజారైన సీటీసీలో నాలుగు షాపులు తిరిగి, బోర్డు ఒకచోట, క్యాబినెట్ ఒకచోట బేరమాడి అసెంబుల్ చేయించాం. 128 ఎంబీ ర్యామ్‌తో మొదలుపెట్టాం, డబ్బులు అంతవరకే వచ్చాయి కాబట్టి. ఏడాది తర్వాత ఇంకో 128 తెచ్చి పక్క స్లాటులో నేనే గుచ్చాను. క్లిప్పులు టక్కున పడిన చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. మధ్యతరగతి వాడికి కంప్యూటర్ అందింది ఈ పద్ధతిలోనే. ఇవాళ ఉన్నంతలో కొను, రేపు చేతిలో డబ్బు ఆడితే పెంచుకో. మూత బిగించిన డబ్బా ఆ 'రేపు'ను తీసేసింది. రాబోయే ఆరేడేళ్లలో నీకు ఎంత కావాలో కొనే రోజునే ఊహించి, ఆ రోజునే మొత్తం కట్టమంటోంది. చిట్టీలు, వాయిదాలతో బతికే దేశంలో ఇది చిన్న మార్పేమీ కాదు.

ఇది ఒక్క యాపిల్ జబ్బు అయితే ఇంత రాసేవాణ్ని కాదు. చాలా ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ స్లాటు మాయమైంది. ఫోన్ బ్యాటరీ మార్చాలంటే వెనక గాజుకు వేడిగాలి పట్టాలి. మా వీధిలో మిక్సీలు, మోటార్లు బాగుచేసే పెద్దాయన స్క్రూ లేని వస్తువు కనిపిస్తే "ఇది బాగుచేసేది కాదు సార్, పారేసేది" అని పక్కన పెట్టేస్తాడు. ఫ్రాన్స్‌లో 2021 నుంచి ల్యాప్‌టాప్ అమ్మే చోట అది ఎంత సులువుగా బాగవుతుందో పదికి మార్కులేసి చూపించాలి. మన కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబరులో రిపేరు హక్కు పోర్టల్ తెరిచింది, ఇలాంటి మార్కుల పద్ధతి మీద ఆ తర్వాత కమిటీ కూడా వేసింది. షాపులో డబ్బా మీద మార్కు కనబడే రోజు మాత్రం ఇంకా రాలేదు.

ఈలోగా గోరుచుట్టు మీద రోకటి పోటు. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లను ఊడ్చుకుపోతున్నాయి. ఇళ్లలో వాడే ర్యామ్, ఎస్ఎస్‌డీలు అమ్మే క్రూషియల్ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు మెమరీ చిప్‌ల కంపెనీ మైక్రాన్ 2025 డిసెంబరులో ప్రకటించింది. 'రాస్ప్‌బెర్రీ పై' లాంటి చవక కంప్యూటర్ బోర్డుల ధరలు కూడా పెరిగాయి. ఇలాంటి కాలంలో కొత్త మినీ పాత ధరకే వస్తే మెచ్చుకోవాల్సిందే. ఆ ధర నిలబెట్టడానికి ఎక్కడ కోత పెట్టారో కూడా చూడాలి. ఎం2 నాటి ఒంటి ఫ్లాష్ చిప్‌ను నేనైతే మరిచిపోలేదు.

మొన్న ఆదివారం మేనల్లుడు ఫోన్ చేశాడు. "ఎం5 వచ్చేదాకా ఆగమంటావా మామయ్యా?" అని. ఆగొద్దన్నాను. ఉన్న ఎం4 బేస్ మోడల్ తీసుకోమన్నాను. మిగిలిన ఇరవై వేలల్లో కొంత పెట్టి ఒక టీబీ ఎస్ఎస్‌డీ విడిగా కొని, ప్రాజెక్టులన్నీ దాని మీద పెట్టుకోమన్నాను. కొన్నాడు. వేలాడుతుంటే బాగోలేదని డబుల్‌సైడ్ టేపుతో మినీ నెత్తికి అతికించి ఫొటో పంపాడు.