చల్లటి గదే సర్వరోగ నివారిణి కాదు

కోత తర్వాత చిల్లర దుకాణానికి చేరకముందే ప్రపంచ ఆహారంలో దాదాపు 14 శాతం నష్టపోతున్నామని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2019లో లెక్కగట్టింది. త్వరగా పాడయ్యే పండ్ల పరిస్థితి చెప్పనక్కర్లేదు. ఈ నష్టం ప్రస్తావన వస్తే చాలు, పాలకులు శీతల గిడ్డంగికి శంకుస్థాపన చేసి చేతులు దులుపుకొంటారు.

మామిడి, అరటి, బొప్పాయిలకు అతి చలి పడదు. 13 డిగ్రీల సెల్సియస్ కన్నా తక్కువలో ఉంచిన అరటికాయ తొక్క మసకబారి నల్లబడుతుంది. పచ్చి మామిడిని 10 డిగ్రీల లోపు రోజుల తరబడి ఉంచితే తొక్కపై గుంటలు పడతాయి, కాయ సరిగ్గా మాగదు, రుచి రాదు. గదిలో ఉన్నన్నాళ్లూ కాయ నిక్షేపంలా కనిపించడమే అసలు చిక్కు. బండారం బయటపడేది కొన్నవారి ఇంట్లో. సున్నా డిగ్రీల దగ్గర నిల్వచేసే యాపిల్‌కూ, మామిడికీ ఒకే గది ఎలా సరిపోతుంది?

అసలు పని తోటలోనే మొదలవ్వాలి. కోసిన కాయ కూడా ఊపిరి తీస్తూనే ఉంటుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆ వేగం రెండు మూడు రెట్లవుతుంది. అందుకే ఎండలో కుప్పపోసిన కాయ తన ఆయుష్షును అక్కడే కరిగించుకుంటుంది. మామిడిని కొంత తొడిమతో కోసి, ఆపై తొడిమ తుంచి, తలకిందులుగా పెట్టి సొన కారనిస్తే తొక్క మాడదు. 52 డిగ్రీల వేడినీళ్లలో 5 నుంచి 10 నిమిషాలు ముంచితే ఆంత్రాక్నోస్ అనే శిలీంధ్ర తెగులు మచ్చలు బాగా తగ్గుతాయి. నీళ్లు అంతకుమించి కాగితే తొక్క ఉడికిపోతుంది కాబట్టి చేత్తో చూసి అంచనా వేస్తే కుదరదు.

కాయను మాగించే ఇథిలీన్ వాయువును పీల్చేసే పొటాషియం పర్మాంగనేట్ పొట్లాలు, దాని ప్రభావాన్ని అడ్డుకునే 1-ఎంసీపీ అనే రసాయనం, మైనపు పూతలు ఉపయోగపడేవే. పూత మందమైతే మాత్రం లోపలికి గాలి అందక పండు పులిసిన వాసన కొడుతుంది. లేతగా కోసిన కాయకు ఏ పూతా రుచి తెచ్చిపెట్టదు.

రాయితీల్లో కొంతైనా తోట గట్టుకు చేరాలన్నది మా డిమాండ్. నీడ పందిరి, ప్లాస్టిక్ క్రేట్లు, వేడినీళ్ల తొట్టి, థర్మామీటర్: వీటికి గిడ్డంగి కట్టినంత ఖర్చేమీ కాదు. ఇక గిడ్డంగులు కట్టేచోట, పండును బట్టి గదికో ఉష్ణోగ్రత ఉండాలన్న షరతును అనుమతి పత్రంలోనే చేర్చాలి.