నూనెగింజలకు గంధకం ఏదీ?

నూనెగింజల పైరు పసుపుబారితే చేయి యూరియా బస్తా మీదికి పోవడం అలవాటైపోయింది. ఆ పసుపు ఏ ఆకులో మొదలైందో చూసేవారు తక్కువ. నత్రజని చాలనప్పుడు మొక్క ముదురాకుల్లోని నిల్వను చిగురుకు తరలించుకుంటుంది కనుక కింది ఆకులు ముందుగా పాలిపోతాయి. గంధకం అంత సులువుగా కదలదు కనుక దాని కొరత లేతాకుల్లోనే బయటపడుతుంది. ఈ తేడా గమనించకుండా వేసిన యూరియా లోపాన్ని తీర్చదు సరికదా, రెండు పోషకాల మధ్య తూకాన్ని మరింత చెడగొడుతుంది.

టన్ను తృణధాన్యం పండటానికి 3, 4 కిలోల గంధకం సరిపోతే, టన్ను నూనెగింజలకు సుమారు 12 కిలోలు కావాలి. మాంసకృత్తుల్లోని మిథియోనిన్, సిస్టీన్ అనే అమైనో ఆమ్లాల్లోనూ, కొవ్వు ఆమ్లాల తయారీకి ఆధారమైన ‘కో-ఎంజైమ్-ఎ’ అనే పదార్థంలోనూ గంధకం ఉంది. అది కొరవడితే దిగుబడితోపాటు గింజలో నూనె శాతమూ పడిపోతుంది. సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ వాడినన్నాళ్లూ ఈ అవసరం అడగకుండానే తీరేది, అందులో భాస్వరంతోపాటు సుమారు 11 శాతం గంధకం ఉంటుంది కనుక. దాని చోటును ఆక్రమించిన డీఏపీ (డై అమ్మోనియం ఫాస్ఫేట్)లో భాస్వరం 46 శాతం ఉన్నా గంధకం లేనట్టే లెక్క. పొగగొట్టాలను కట్టడి చేసిన చోట గాలి నుంచి నేలకు దిగే గంధకమూ తగ్గింది. అందుకు విచారించనక్కర్లేదు గానీ, ఆ లోటును ఎరువుల లెక్కలో చూపాలి.

మొక్కకు అతి కొద్ది మోతాదులో అవసరమయ్యే బోరాన్, ఇనుము వంటి సూక్ష్మపోషకాల విషయంలో తొందరపాటు ఇంకా ప్రమాదకరం. పొద్దుతిరుగుడులో పుప్పొడి మొలకెత్తడానికి బోరాన్ కావాలి, లేకుంటే పువ్వు నిండుగా కనిపించినా గింజలు తాలుపోతాయి. ఆకర్షక పత్రాలు (పువ్వు అంచున ఉండే పసుపు రేకులు) విచ్చుకునే దశలో లీటరు నీటికి 2 గ్రాముల బోరాక్స్ కలిపి పిచికారీ చేస్తే చాలు. బోరాన్‌లో కొరతకూ విషానికీ మధ్య దూరం చాలా తక్కువ. సున్నపు నేలల్లో వేరుశనగ చిగుళ్లు తెల్లబడేది నేలలో ఇనుము లేక కాదు, మొక్కకు అందక. అక్కడ అన్నభేదిని (ఫెర్రస్ సల్ఫేట్) కొద్దిపాటి నిమ్మ ఉప్పుతో కలిపి ఆకుల మీద చల్లాలి. ఇన్ని వేర్వేరు లోపాలకు ఒకే మిశ్రమం మందు అంటూ పరీక్ష లేకుండా అంటగట్టడాన్ని మేము సమర్థించలేం.

భూసార పరీక్ష పత్రంలో నత్రజని, భాస్వరం, పొటాష్‌లతోపాటు గంధకం, జింకు, బోరాన్ విలువలు తప్పనిసరిగా ఉండాలి. అందుబాటులో ఉన్న గంధకం కిలో మట్టికి 10 మిల్లీగ్రాముల లోపుంటే నూనెగింజల సిఫారసులో దాన్ని చేర్చాల్సిందే. ఆ పత్రం దుక్కికి ముందే రైతు చేతికి అందాలి, ఎందుకంటే మూలక గంధకాన్ని (ఏ ఇతర మూలకంతోనూ కలవని గంధకాన్ని) నేలలోని సూక్ష్మజీవులు సల్ఫేటుగా మార్చేదాకా వేరు తీసుకోలేదు, అందుకు విత్తడానికి ముందు మూడు, నాలుగు వారాల వ్యవధి కావాలి.